విశాఖ శివార్లలో నిర్మాణానికి డ్రోన్ సర్వే: పని ఎలా అప్పజెప్పాలి, ఫలితం ఎలా సరిచూసుకోవాలి

మధురవాడ, కొమ్మాది, ఆనందపురం, పెందుర్తి, సబ్బవరం. ఎటు నుంచి ఫోన్ వచ్చినా మొదటి ప్రశ్న ఒకటే: "డ్రోన్ సర్వేకి ఎకరానికి ఎంత తీసుకుంటారండీ?" లేఅవుట్ వేసేవాళ్ళూ ఇదే అడుగుతారు, విల్లాలు కట్టే బిల్డర్లూ ఇదే, ప్లాట్ల ఓనర్ల సంఘం వాళ్ళూ ఇదే. రేటు ఎవరైనా చెప్తారు. ఆ రేటుకి ఏం ఇస్తారో అడగకపోతే చివరికి చేతికొచ్చేది పాట పెట్టిన ఒక వీడియో, వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు, ఒక పీడీఎఫ్. మీ ఇంజనీరు అది చూసి "లెవెల్స్ (నేల ఎత్తుల కొలతలు) ఏవండీ?" అంటాడు. మళ్ళీ డబ్బు పెట్టి టోటల్ స్టేషన్ (నేల మీద నిలబెట్టి దూరం, ఎత్తు కొలిచే పరికరం) వాళ్ళని పిలవాల్సి వస్తుంది.

మీరు కొంటున్నది కొలత. సరిచూడని కొలతకి పూర్తి డబ్బు ఇవ్వకండి. కింద రాసినవన్నీ ఆ ఒక్క మాట కోసమే.

అసలు మీకు అవసరమా?

200 గజాల ప్లాటుకి అక్కర్లేదు. టేపు, ఆటో లెవెల్ (ఎత్తు తేడా కొలిచే పరికరం) చాలు. చెట్టూ చేమా లేని ఎకరం, రెండెకరాల చదును నేలకి కూడా టోటల్ స్టేషన్ ఒక్క రోజులో పని ముగిస్తుంది, ఖర్చూ తక్కువే. డ్రోన్‌కి పెట్టిన డబ్బు గిట్టుబాటయ్యేది మూడు సందర్భాల్లో: స్థలం ఐదారెకరాలు దాటినప్పుడు, కొండవాలు మీదో గెడ్డ (వాగు) పక్కనో ఎత్తుపల్లాలు ఎక్కువున్నప్పుడు, మట్టి పని నెలనెలా కొలిచి బిల్లు చెల్లించాల్సినప్పుడు.

హద్దు తగాదా తేల్చడానికైతే డ్రోన్ పిలవకండి. మన రాష్ట్రంలో గ్రామాల రీసర్వేకి ప్రభుత్వం డ్రోన్లు వాడింది కాబట్టి "డ్రోన్ ఎగిరితే హద్దు తేలినట్టే" అన్న నమ్మకం జనంలో బాగా పడిపోయింది. ప్రైవేటు డ్రోన్ మ్యాపుకి ఆ బలం లేదు. హద్దులకి ఎఫ్‌ఎంబీ (ప్రభుత్వ క్షేత్ర కొలతల పుస్తకం), రీసర్వే అయిన ఊళ్ళో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాపు), మండల సర్వేయరు కొలత, అంటే ఎఫ్-లైన్ పిటిషన్, ఇవే దారి. దేవస్థానంతో భూవివాదం ఉన్న సింహాచలం పంచగ్రామాల్లోని స్థలమైనా, 22-ఏ (రిజిస్ట్రేషన్ నిషేధం) జాబితాలో ఉన్న సర్వే నంబరైనా అంతే: అక్కడి చిక్కు కాగితాలది, ఆకాశం నుంచి ఫొటో తీస్తే విడిపోదు. భీమిలి బీచ్ రోడ్డు వైపు సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలి) గీత కూడా డ్రోన్ ఆపరేటరు గీసేది కాదు, దానికి కేంద్రం గుర్తించిన సంస్థలు వేరే ఉన్నాయి.

ఫోన్ చేసే ముందు చేతిలో ఉండాల్సినవి

గూగుల్ ఎర్త్‌లో మీ స్థలం చుట్టూ గీత గీసి దాచుకున్న కేఎమ్‌ఎల్ ఫైలు. ఎఫ్‌ఎంబీ లేదా ఎల్‌పీఎం నకలు. స్థలంలో జీడితోట, సరుగుడు, తాటిచెట్లు, హైటెన్షన్ లైన్లు, సెల్ టవర్ ఎక్కడున్నాయో నాలుగు మాటలు. వాన నీరు చివరికి ఎందులో కలవాలో ఆ కాలువ లేదా కల్వర్టు పేరు. స్థలం మీ ఒక్కరిది కాకపోతే మిగతావాళ్ళ ఒప్పుకోలు రాతలో. ఇవి లేకుండా రేటు అడిగితే వాళ్ళు చెప్పేది ఊహే.

1. మీ అవసరాన్ని ఒక్క పేజీలో రాయండి

"టోపో సర్వే (ఎత్తుపల్లాల సర్వే) కావాలి" అంటే చాలదు. ఇలా రాయండి: "ఆనందపురం దగ్గర 12 ఎకరాలు. లేఅవుట్ డిజైన్ కోసం. అర మీటరు కాంటూర్లు, 5 మీటర్ల గ్రిడ్‌లో లెవెల్స్. బయలు నేల మీద ఎత్తులో తేడా 10 సెంటీమీటర్లు దాటకూడదు. తూర్పు పక్క రెండెకరాల జీడితోట, అక్కడ నేల లెవెల్స్ విడిగా తీయాలి. లెవెల్స్ అన్నీ రోడ్డు కల్వర్టు పైభాగం నుంచి లెక్కించాలి."

కాంటూర్లంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు. దేనికి వాడతారో రాస్తే ఎంత ఖచ్చితంగా కొలవాలో తేలుతుంది. బ్రోచరు ఫొటోకి అర మీటరు తేడా ఉన్నా ఎవరికీ పట్టదు. లేఅవుట్ రోడ్లకీ కాలువలకీ 10 సెంటీమీటర్ల లోపు కావాలి. మట్టి బిల్లుకి ఐదు సెంటీమీటర్లు కూడా ఎక్కువే. ఎందుకంటే, ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. దాని మీద ఐదు సెంటీమీటర్ల తేడా అంటే 202 క్యూబిక్ మీటర్ల మట్టి. వంద ఘనపుటడుగుల యూనిట్ లెక్కలో 71 యూనిట్లు. 12 ఎకరాలకి ఎంతో మీరే గుణించుకోండి.

2. ఆకాశం రంగు చూడండి

డ్రోన్ ఎగరేసే అనుమతిని బట్టి ఆకాశాన్ని మ్యాపులో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా గుర్తించారు. విశాఖలో ఈ మెట్టు దాటేసి అడ్వాన్సు ఇచ్చేవాళ్ళు చాలామంది. మన విమానాశ్రయం నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో ఉంది, ఏటీసీ (విమానాల రాకపోకల నియంత్రణ) కూడా నౌకాదళం చేతిలోనే. పైగా ఓడరేవు, షిప్‌యార్డు, రిఫైనరీ, స్టీల్ ప్లాంటు, భీమిలి దగ్గర ఐఎన్‌ఎస్ కళింగ. వేరే ఊరి నుంచి తక్కువ రేటుకి వచ్చిన ఆపరేటరుకి ఇవేవీ తెలియకపోవచ్చు.

డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం ఆకుపచ్చ జోన్‌లో 400 అడుగుల వరకు, అంటే 120 మీటర్ల ఎత్తు వరకు, అనుమతి అడగక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8-12 కిలోమీటర్ల వలయంలో ఆ హద్దు 200 అడుగులే. అంతకంటే దగ్గరైతే పసుపు జోన్ కావచ్చు, ఎరుపు జోన్ కావచ్చు. పసుపు జోన్‌లో ఏటీసీ అనుమతి కావాలి. ఎరుపు జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగరేయకూడదు. నౌకాదళ స్థావరాల చుట్టూ మూడు కిలోమీటర్ల మేర డ్రోన్లని నౌకాదళం విడిగా నిషేధించింది. గోపాలపట్నం, ఎన్ఏడీ, గాజువాక వైపు స్థలం ఉంటే డ్రోన్ ఆలోచనకంటే టోటల్ స్టేషనే త్వరగా తెములుతుందని నా అభిప్రాయం.

ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్‌లోని ఎయిర్‌స్పేస్ మ్యాపులో మీ స్థలం మీద మీరే వేలు పెట్టి చూడండి, స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. పోయినసారి పక్క స్థలంలో ఎగరేశాం కదా అని వదిలేయొద్దు, మ్యాపు మారుతూ ఉంటుంది. భోగాపురం విమానాశ్రయం వల్ల ఆ చుట్టుపక్కల స్థలాలున్నవాళ్ళు, తగరపువలస వైపు వాళ్ళతో సహా, ఎగరేసే ప్రతిసారీ మళ్ళీ చూడాలి. ప్రముఖుల పర్యటనో నౌకాదళ విన్యాసాలో ఉన్న రోజుల్లో తాత్కాలికంగా ఎరుపు జోన్ ప్రకటిస్తారు, ఒక్కోసారి 96 గంటల వరకు. పోలీస్ స్టేషన్‌లో ముందుగా ఒక కాగితం ఇచ్చి ఉంచితే మంచిది. పైన డ్రోన్ కనబడగానే ఊళ్ళోవాళ్ళు మొదట ఫోన్ చేసేది వాళ్ళకే.

3. ఆపరేటరు కాగితాలు అడగండి

మొహమాటం లేకుండా అడగాల్సినవి నాలుగు. డ్రోన్ యూఐఎన్ (ప్రతి డ్రోన్‌కీ ఇచ్చే గుర్తింపు) నంబరు, అది డ్రోన్ మీద కనిపించేలా ఒక ఫొటో. ఎగరేసే మనిషి రిమోట్ పైలట్ సర్టిఫికెట్, కంపెనీ యజమానిది కాదు, మీ స్థలానికి వచ్చేవాడిది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, గడువు తేదీ కనిపించేలా. జీఎస్టీ నంబరు.

"చిన్న డ్రోనేనండి, దీనికి లైసెన్సు అక్కర్లేదు" అంటారు. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి ఆ మాట నిజం. రెండు కిలోల లోపు మైక్రో డ్రోన్‌కి కూడా మినహాయింపు ఉంది, కానీ అది వ్యాపారం కాని పనికి మాత్రమే. మీ దగ్గర డబ్బు తీసుకుని చేస్తున్నాడంటే అది వ్యాపారమే. విదేశీ డ్రోన్ల దిగుమతి 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది, అయినా యూఐఎన్ లేని విదేశీ డ్రోన్లు పెళ్ళిళ్ళ షూటింగుల నుంచి సర్వే పనుల్లోకి దిగిపోతున్నాయి. నిబంధనలు మీరితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంది. ఆ జరిమానా సంగతి అతను చూసుకుంటాడు, మధ్యలో ఆగిన పని మాత్రం మీది.

తర్వాత పాత పని చూపించమనండి. వీడియో వద్దు. ఒక పాత ప్రాజెక్టు ప్రాసెసింగ్ రిపోర్టు (ఫొటోల నుంచి మ్యాపు చేసే సాఫ్ట్‌వేరు ఇచ్చేది), అందులో చెక్ పాయింట్ల పట్టిక అడగండి. చెక్ పాయింట్లంటే మ్యాపు తయారీకి వాడకుండా, దాన్ని సరిచూడటానికే కొలిచి ఉంచిన గుర్తులు. క్లయింటు పేరు కొట్టేసి ఇచ్చినా పరవాలేదు. పట్టిక చూపించలేనివాడికి సర్వే పని ఇవ్వొద్దు, గృహప్రవేశానికి వీడియో తీయించుకోండి.

4. కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూడండి

ఒకరు ఎకరం లెక్కన చెప్తారు, ఒకరు రోజు లెక్కన. చిన్న స్థలాలకి కనీస చార్జీ ఉంటుంది, అందుకే మూడెకరాలకీ ఎనిమిదెకరాలకీ ఒకే మొత్తం రావడంలో మోసం లేదు. 18 శాతం జీఎస్టీ కలిపా, విడిగానా అడగండి. గ్రౌండ్ పాయింట్ల (మ్యాపుని నేలకి బిగించడానికి స్థలంలో పెట్టి కొలిచే గుర్తుల) పని, ప్రయాణం, వాన వస్తే రెండోసారి రావడం, అనుమతుల ఖర్చు కలిసి ఉన్నాయో లేదో చూడండి. సగం రేటుకే చెప్పినవాడి కొటేషన్‌లో సాధారణంగా గ్రౌండ్ పాయింట్లు ఉండవు.

పక్కపక్క స్థలాలవాళ్ళు ముగ్గురు నలుగురు కలిసి ఒకే రోజు పని పెట్టుకుంటే రేటు బాగా దిగుతుంది. బిల్లులూ ఫైళ్ళూ మాత్రం ఎవరివి వాళ్ళకి విడిగా తీసుకోండి.

5. వర్క్ ఆర్డర్‌లో ఇవి రాయించండి

ఇవ్వాల్సిన ఫైళ్ళు పేరుపేరునా రాయాలి: ఆర్థోఫొటో (కొలతకి సరిపడేలా సరిదిద్దిన పైనుంచి ఫొటో) జియోటిఫ్‌గా, నేల లెవెల్ మోడల్ అంటే డీటీఎం, చెట్లూ కట్టడాలూ కలిపిన డీఎస్‌ఎం, కాంటూర్లు డీడబ్ల్యూజీ లేదా డీఎక్స్‌ఎఫ్‌లో, గ్రౌండ్ పాయింట్లు సీఎస్‌వీలో, ప్రాసెసింగ్ రిపోర్టు, అసలు ఫొటోలన్నీ హార్డ్ డిస్కులో. ఈ చివరిది అడగనివాళ్ళే ఎక్కువ. అసలు ఫొటోలు చేతిలో ఉంటే రేపు తేడా వచ్చినప్పుడు ఇంకొకరి చేత మళ్ళీ ప్రాసెస్ చేయించుకోవచ్చు. లేకపోతే మళ్ళీ ఎగరేయాల్సిందే, ఈలోగా పొక్లెయిన్ నేల మార్చేసి ఉంటుంది.

పిక్సెల్ సైజు, అంటే ఫొటోలో ఒక్క చుక్క నేల మీద ఎంత మేరకి సమానమో, రాయండి. రెండు మూడు సెంటీమీటర్లు చాలు. మామూలు సర్వే కెమెరాతో సుమారు 70-100 మీటర్ల ఎత్తులో ఎగిరితే అది వస్తుంది. ఫొటోల మీద ఫొటో పడే వాటా ముందుకి 80 శాతం, పక్కకి 70 శాతం. కొండవాలైతే "టెర్రైన్ ఫాలో" అన్న మాట తప్పకుండా రాయించండి. కింద రోడ్డు దగ్గర నుంచి లేచి ఒకే ఎత్తులో వెళ్ళే డ్రోన్, వాలు పైకి వెళ్ళేసరికి నేలకి దగ్గరైపోతుంది. అప్పుడు ఫొటోల మధ్య ఖాళీలు వస్తాయి, ఒక్కోసారి చెట్టుకి తగులుతుంది కూడా. కంబాలకొండ, సింహాచలం కొండల పాదాల్లో లేఅవుట్లు వేసేవాళ్ళకి ఇది నిత్యం ఎదురయ్యేదే.

చెల్లింపు మూడు విడతలుగా పెట్టండి. కొంత అడ్వాన్సు, కొంత ఫైళ్ళు అందాక, కనీసం మూడో వంతు మీరు సరిచూసుకున్నాక. దీనికి ఒప్పుకోని ఆపరేటరుకి తన పని మీద తనకే నమ్మకం లేదనుకోవాలి.

6. స్థలం సిద్ధం చేయండి

తుప్పలు కొట్టించండి, ముఖ్యంగా హద్దు రాళ్ళ చుట్టూ. రాళ్ళకి సున్నం పూయించండి. ఫొటోలో కనిపించని రాయి మ్యాపులో ఉండదు. వీలైతే సంక్రాంతి తర్వాత నుంచి ఏప్రిల్ లోపు పెట్టుకోండి, గడ్డి ఎండి నేల బయటపడుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తప్పకపోతే వాయిదా షరతు రాయించుకోండి. 2014లో హుద్‌హుద్ మన మీదికి వచ్చింది అక్టోబరు 12నే.

జీడితోట కింద ఫొటోలతో నేల లెవెల్ రాదు. ఫొటోలో కనబడని నేలని ఏ సాఫ్ట్‌వేరూ కనిపెట్టలేదు, చుట్టుపక్కల ఎత్తుల నుంచి ఊహించి పూడుస్తుందంతే. దారులు రెండు. తోట కింద టోటల్ స్టేషన్‌తో లెవెల్స్ తీయించి కలపడం చవక. లేజరు కిరణాలతో కొలిచే లైడార్ డ్రోన్ ఖరీదైంది, తోట పెద్దదైతేనే తగినది. గెడ్డలో నీళ్ళుంటే అడుగు లెవెల్ కూడా డ్రోన్‌కి దొరకదు, లెవెల్ కొలిచే కర్ర పట్టుకుని మనిషి దిగాల్సిందే.

గ్రౌండ్ పాయింట్లకి నలుపు తెలుపు గళ్ళ ఫ్లెక్సీ ముక్కలు, రెండడుగుల చదరం, మేకులతో బిగించాలి. సున్నంతో ఇంటూ గుర్తు వేస్తే తెల్లారేసరికి మేకలు తొక్కేస్తాయి. పది పన్నెండెకరాలకి కనీసం ఐదు గ్రౌండ్ పాయింట్లు, ఇవి కాక మూడు నాలుగు చెక్ పాయింట్లు. నాలుగు మూలలా, మధ్యలో, ఎత్తైన చోటా, పల్లంలో కూడా ఉండాలి. అన్నీ గేటు దగ్గర, నీడ ఉన్న చోట పెట్టేస్తే పనికిరావు.

ఇక్కడ మీకు తప్పక వినిపించే మాట: "మాది ఆర్‌టీకే డ్రోన్ సార్, గ్రౌండ్ పాయింట్లు అక్కర్లేదు." ఆర్‌టీకే అంటే డ్రోన్ ఎగురుతూనే తన జీపీఎస్ స్థానాన్ని సెంటీమీటర్ల మేరకు సరిదిద్దుకోవడం. అది ఉంటే గ్రౌండ్ పాయింట్లు తగ్గించవచ్చు, ఆ మాట సరే. చెక్ పాయింట్లు మాత్రం తగ్గించకూడదు. "గ్రౌండ్ పాయింట్లు మీ ఇష్టమండీ, చెక్ పాయింట్లు నావి" అని చెప్పండి.

7. ఎగరేసే రోజు

ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటలకి మొదలుపెట్టించండి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి పుంజుకుంటుంది. శీతాకాలంలో మంచు విడేదాకా ఆగాలి. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకి ముందురోజే చెప్పండి. డాబా మీద బట్టలు ఆరేస్తున్న ఆడవాళ్ళ నెత్తిన డ్రోన్ తిరిగితే గొడవ జరగడంలో వింత లేదు. గద్దలు డ్రోన్ మీదికి వస్తాయి, వస్తే దించేయమనండి.

మీరు గానీ మీ సైట్ ఇంజనీరు గానీ అక్కడ ఉండి చూడాల్సింది ముఖ్యంగా ఒకటే: డీజీపీఎస్ బేస్ (మిగతా కొలతలన్నిటికీ ఆధారమయ్యే జీపీఎస్ పరికరం) ఏ పాయింట్ మీద పెట్టారు? ఎక్కడో ట్రైపాడ్ నిలబెట్టి, "యావరేజ్" నొక్కేసి మొదలుపెడితే స్థలం లోపల కొలతలు బాగానే కుదురుతాయి, కానీ మొత్తం మ్యాపు మీటరో రెండో పక్కకి జరిగి కూర్చుంటుంది. వచ్చే నెల మళ్ళీ ఎగరేస్తే రెండు మ్యాపులూ ఒకదాని మీద ఒకటి కూర్చోవు. అందుకని కాంక్రీటు పోసి మేకు దిగ్గొట్టిన ఒక స్థిరమైన పాయింట్ పెట్టించి, దాని కోఆర్డినేట్లు రాయించుకుని, ప్రతిసారీ బేస్ అక్కడే పెట్టమనండి. దాని ఫొటో, పక్కనున్న స్థంభం నుంచి టేపు దూరం కూడా మీ డైరీలో ఉండాలి.

ఆ రోజే, వాళ్ళు వెళ్ళేలోపు, మీ తరఫున మూడు పనులు చేసి ఉంచండి. దూరం దూరంగా ఉన్న రెండు గుర్తుల మధ్య టేపు పెట్టి కొలవండి, ఇలా రెండు మూడు చోట్ల. ఆటో లెవెల్‌తో రెండు గట్టి చోట్ల మధ్య ఎత్తు తేడా తీయండి, కల్వర్టు పైభాగం నుంచి ఏదైనా ఒక కాంక్రీటు అంచు దాకా. మూడోది, చెక్ పాయింట్ల కోఆర్డినేట్లు ఆపరేటరుకి ఇవ్వకుండా మీ దగ్గరే ఉంచుకోండి. వేరే సర్వేయరుతో తీయించుకుంటే ఇంకా మంచిది, కాకపోతే అతను కూడా అదే కాంక్రీటు పాయింట్ నుంచే మొదలుపెట్టాలి.

8. ఫైళ్ళు వచ్చాక సరిచూడండి

ఇక్కడ తొందరపడకండి. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఈ ఫైళ్ళు చాలావరకు తెరుచుకుంటాయి. మీకు చేతకాకపోతే ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఎవరైనా గంటలో చూపిస్తాడు.

మొదట జోన్ చూడండి. మ్యాపుల కోసం భూమిని నిలువు పట్టీలుగా విడదీసే యూటీఎం పద్ధతిలో విశాఖ 44 ఉత్తర జోన్‌లో ఉంటుంది. ఫైల్లో 43 అనో 45 అనో ఉంటే అక్కడితో ఆపి వెనక్కి పంపండి.

తర్వాత ఎత్తు. మీ స్థలం సముద్రానికి దగ్గరగా, పల్లంలో ఉండి, రిపోర్టులో ఎత్తు మైనస్ యాభై అరవై అని కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, కానీ ఒప్పుకోనూ వద్దు. అది జీపీఎస్ లెక్కించే ఎలిప్సాయిడ్ ఎత్తు, అంటే భూమిని నున్నటి ఆకారంగా ఊహించి దాని నుంచి లెక్కించేది. మన తీరంలో అది సముద్ర మట్టపు ఎత్తుకంటే పదుల మీటర్లు తక్కువ చూపిస్తుంది. మీకు కావలసింది సముద్ర మట్టం నుంచో, మీరు చెప్పిన కల్వర్టు నుంచో లెక్కించిన లెవెల్. దాన్ని మార్చకుండా డ్రైనేజీ డిజైన్ చేస్తే బయటి కాలువ లెవెల్‌తో కలవదు.

మూడోది చెక్ పాయింట్లు. ప్రతి పాయింట్ దగ్గర మోడల్ చెప్పే ఎత్తు లోంచి మీ దగ్గరున్న ఎత్తు తీసేయండి. తేడాలు +3, -4, +2, -1 సెంటీమీటర్లు అన్నట్టు అటూ ఇటూ ఉంటే పని బాగుంది. +12, +11, +13, +12 అని అన్నీ ఒకే వైపు ఉంటే మోడల్ ఆకారం సరిగ్గానే ఉంది, బేస్ లేదా బెంచ్‌మార్క్ (లెవెల్స్ లెక్కకి ఆధారమైన చోటు) ఎత్తు తప్పు పడింది, దించి కూర్చోబెడితే సరిపోతుంది. మధ్యలో బాగుండి అంచులకి వెళ్ళేకొద్దీ తేడా పెరిగితే మోడల్ బోర్లించిన మూకుడులా వంగిందని. మూలల్లో పాయింట్లు లేకపోవడం దీనికి మామూలు కారణం, మళ్ళీ ప్రాసెస్ చేయాలి, కొన్నిసార్లు మళ్ళీ ఎగరాలి. ఒక్క పాయింట్ మాత్రం 20 సెంటీమీటర్లు తేడా వస్తే ముందు ఆ ఫ్లెక్సీ ముక్క కదిలిందేమో వాచ్‌మన్‌ని అడగండి.

రిపోర్టు మొదటి పేజీలో "తేడా 1 సెం.మీ." అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అది చాలాసార్లు గ్రౌండ్ పాయింట్ల మీద తేడా, అంటే మోడల్‌ని బిగించడానికి వాడిన పాయింట్లనే మళ్ళీ కొలిచి చూపించడం. దాన్ని లెక్కలోకి తీసుకోకండి. చెక్ పాయింట్లది చూపించమనండి.

నాలుగోది టేపు. ఇక్కడ చాలామంది పొరపడతారు. విశాఖ యూటీఎం జోన్ తూర్పు అంచుకి దగ్గర కాబట్టి డ్రాయింగులో దూరం నేల మీది దూరం కంటే కొంచెం ఎక్కువ కనిపిస్తుంది. కిలోమీటరుకి సుమారు 33 సెంటీమీటర్లు, వంద మీటర్లకి మూడు సెంటీమీటర్లు. అది ఆపరేటరు తప్పు కాదు. కానీ ఆ డ్రాయింగు మీద నేరుగా ప్లాట్లు కోసి రాళ్ళు పాతితే పొడవాటి లేఅవుట్‌లో చివరి ప్లాటు దగ్గర తేడా బయటపడుతుంది. నేల కొలతకి మార్చిన డ్రాయింగు విడిగా అడిగి తీసుకోండి. వంద మీటర్లకి మూడు కాక ముప్పై సెంటీమీటర్లు తేడా వస్తే అప్పుడు నిలదీయండి.

మ్యాపుని గూగుల్ ఎర్త్ మీద వేసి "మీ సర్వే నాలుగు మీటర్లు జరిగింది" అని పోట్లాడేవాళ్ళున్నారు. గూగుల్ చిత్రమే కొన్ని మీటర్లు పక్కకి ఉంటుంది. కొలబద్దగా దాన్ని పెట్టుకోకండి.

ఐదోది కళ్ళతో చూసేది. ఆర్థోఫొటోని బాగా పెద్దది చేసి ప్రహరీ గోడలు, రోడ్డు అంచులు వెంబడి వెళ్ళండి. గోడ మధ్యలో విరిగినట్టో, కారు సగమే ఉన్నట్టో కనిపిస్తే అక్కడ ఫొటోలు చాల్లేదు. తర్వాత కాంటూర్లు. గెడ్డని దాటే చోట కాంటూరు వంపు ఎగువ వైపుకి తిరగాలి, దిగువకి తిరిగితే గట్టు అనుకుని గీశారన్నమాట. జీడితోట ఉన్న చోట ఉన్నట్టుండి గుండ్రంగా రెండు మూడు మీటర్ల దిబ్బ లేస్తే అది దిబ్బ కాదు, చెట్ల తలలు. ఇలాంటి దిబ్బని నిజమనుకుని తవ్వాల్సిన మట్టిలో కలిపేసి అంచనా వేసిన డ్రాయింగు నేను చూశాను. కాంట్రాక్టరు కిక్కురుమనలేదు, ఎందుకంటాడు! కాంటూర్లు ఇళ్ళ మీదుగా ఎక్కి దిగినా అదే జబ్బు: డీటీఎం బదులు డీఎస్‌ఎం వాడారు.

9. మట్టి బిల్లుకైతే అదనంగా

మొదటి సర్వే పొక్లెయిన్ దిగకముందే జరగాలి. ఒక్క రోజు తవ్వాక చేస్తే ఆ రోజు మట్టి ఎవరి ఖాతాలోకో ఎప్పటికీ తేలదు. ప్రతిసారీ అదే బేస్, అవే చెక్ పాయింట్లు, అదే హద్దు గీత వాడాలి. గీత రెండు మీటర్లు అటూ ఇటూ జరిగితే ఘనపరిమాణం మారిపోతుంది. మారని చోటు ఒకటి, అంటే పాత రోడ్డో కాంక్రీటు తళమో, రెండు సర్వేల్లోనూ చూడండి. అక్కడ తేడా సున్నాకి దగ్గర రావాలి. ఏడు సెంటీమీటర్లు వచ్చిందంటే స్థలం మొత్తం మీద ఆ ఏడు సెంటీమీటర్లకీ మీరు బిల్లు కడుతున్నారు.

తవ్విన మట్టి పొంగుతుంది. గోతి కొలతకీ, టిప్పర్ల లెక్కకీ 20-30 శాతం తేడా మామూలే. బిల్లు దేని మీదో, గోతి మీదా టిప్పరు మీదా, ఒప్పందంలో ముందే రాసుకోండి. డ్రోన్ కొలిచేది గోతిని.

10. నెలనెలా ఎగరేయించేవాళ్ళకి

500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టులకి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు, ఆపై మూడు నెలలకోసారి పురోగతి వివరాలు తప్పవు. నెలనెలా డ్రోన్ ఫొటోలు ఉంటే ఆ పని సులువవుతుంది. ప్లాట్లు కొన్నవాళ్ళకి చూపించుకోవడానికీ పనికొస్తాయి. వీటికి ప్రతిసారీ పూర్తి సర్వే రేటు ఇవ్వకండి. మట్టి పని నడిచే నెలల్లో సర్వే, శ్లాబులు లేచే నెలల్లో ఫొటోలు మాత్రమే, అని ఏడాది ఒప్పందం రెండు రేట్లతో రాయించుకోండి. హార్డ్ డిస్కు కాపీలు రెండు పెట్టండి, ఒకటి ఆఫీసులో, ఒకటి ఇంట్లో. ఫోల్డరు పేరు మీద ఎగరేసిన తేదీ ఉండాలి, "ఫైనల్", "ఫైనల్ కొత్తది" అని కాదు.